'టేక్ ఆఫ్' నానార్థాలు: తెలుగు సంయుక్త క్రియల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంగ్లీషులో ఒక క్రియకు ఆఫ్, అప్, అవుట్ వంటి చిన్న మాట చేరి ఏర్పడే పదబంధ క్రియలను మన తరగతి గదుల్లో కంఠస్థం చేయవలసిన జాబితాలుగా బోధిస్తున్నాం. నిఘంటువులు వాటి అర్థాలను ఒకదాని కింద ఒకటి పేర్చి ఊరుకుంటున్నాయి. ఆ అర్థాల మధ్య ఉన్న సంబంధం ఈ పద్ధతిలో తెగిపోతుంది. 'టేక్ ఆఫ్' అనే ఒక్క పదబంధ క్రియను తీసుకొని, దాని ప్రధానార్థాలను తెలుగు క్రియలతో పోల్చి, అనువాదంలో పోతున్నదేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాల్లోని 'ప్లవన దశ' అనే పారిభాషిక పదాన్ని ఇందుకు ముఖ్య నిదర్శనంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: పదబంధ క్రియ, సంయుక్త క్రియ, నానార్థత, అనువాదం, పారిభాషిక పదం, ప్లవన దశ.

1. ఉపోద్ఘాతం

ఇంగ్లీషు నేర్చుకొనే పరభాషీయులకు ఏ భాగం కష్టమన్న ప్రశ్న కొత్తది కాదు. 1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలోనే శామ్యూల్ జాన్సన్ దీన్ని ప్రస్తావించారు. క్రియకు ఒక చిన్న మాట చేరి అర్థం మారిపోయే ప్రయోగాలే పరభాషీయులను ఎక్కువగా ఇబ్బంది పెడతాయని గుర్తించి, వాటిని ప్రత్యేక శ్రద్ధతో సేకరించానని చెప్పుకొన్నారు. ఇటువంటి ప్రయోగాలకు 'ఫ్రేజల్ వెర్బ్' అనే పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రచించిన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పేరును తనకు సూచించినవారు ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ పేర్కొన్నారు. 1971లో డ్వైట్ బోలింజర్ ఈ అంశం మీదే ఒక గ్రంథం వెలువరించారు.

సమస్య పరిమాణం ఎంతటిదో చెప్పడానికి ఒక లెక్క చాలు. డీ గార్డ్‌నర్, మార్క్ డేవిస్ 2007లో బ్రిటిష్ నేషనల్ కార్పస్ ఆధారంగా చేసిన అధ్యయనంలో ఎక్కువగా వాడుకలో ఉన్న 100 పదబంధ క్రియలకు 559 అర్థాలు లెక్కకు వచ్చాయి. సగటున ఒక్కొక్క దానికి ఐదుకు పైగా అర్థాలున్నాయన్న మాట. ఇన్నిటిని జాబితాగా కంఠస్థం చేయమనడం బోధన అనిపించుకోదు.

ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం ఒకటే. పదబంధ క్రియకు ఉన్న అనేకార్థాలు ఒక మూలచలనం నుంచి విస్తరించినవి. వాటిని విడివిడి సమానార్థకాలుగా మార్చినప్పుడు ప్రతి అర్థమూ తెలుగులోకి రావచ్చు గానీ, వాటిని కలిపే సూత్రం రాదు. ఆ సూత్రాన్ని పట్టుకోవడానికి కావలసిన సాధనం మన భాషలోనే, మన సంయుక్త క్రియల్లోనే ఉంది.

2. నిర్మాణం: క్రియ, ఉపపదం

'టేక్' అనే క్రియ స్కాండినేవియన్ మూలం నుంచి ఇంగ్లీషులోకి వచ్చి, అదే అర్థంలో ఉన్న పాత దేశీయ క్రియను క్రమంగా తొలగించింది. 'ఆఫ్' అనే ఉపపదమూ, షష్ఠీ సంబంధాన్ని తెలిపే 'అవ్' అనే విభక్తి పదమూ మొదట ఒకే మాట. నొక్కి పలికిన రూపం 'ఆఫ్'గా, నొక్కకుండా పలికిన రూపం 'అవ్'గా విడిపోయాయి. రెండింటికీ మూలార్థం 'నుంచి, దూరంగా' అనే వియోగమే. కాబట్టి 'టేక్ ఆఫ్' అవయవార్థం 'పట్టి వేరుచేయడం'.

నిర్మాణపరంగా రెండు విషయాలు గమనించాలి. మొదటిది, కర్మ సర్వనామమైతే అది క్రియకూ ఉపపదానికీ మధ్యలోనే రావాలి. 'టేక్ ఇట్ ఆఫ్' అనాలి తప్ప 'టేక్ ఆఫ్ ఇట్' అనకూడదు. రెండవది, ఇదే రూపం సకర్మకంగానూ అకర్మకంగానూ పనిచేస్తుంది. మూతను టేక్ ఆఫ్ చేసేవాడు ఒకడుంటాడు. విమానం మాత్రం తానే టేక్ ఆఫ్ అవుతుంది. తెలుగు క్రియ ఈ భేదాన్ని సాధారణంగా రూపంలోనే చూపుతుంది: దిగు–దించు, లేచు–లేపు, ఎగురు–ఎగురవేయు, తెగు–తెంచు. ఇంగ్లీషు ఒకే రూపంలో దాచిన కర్తృత్వాన్ని తెలుగు అనువాదకుడు ప్రతిసారీ తేల్చిచెప్పవలసి వస్తుంది. అనువాదంలో మొదటి చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

3. అర్థాల వరుస

'టేక్ ఆఫ్' ప్రధానార్థాలను రెండు వర్గాలుగా చూడవచ్చు. సకర్మక వర్గంలో ఇవి వస్తాయి: అంటి ఉన్నదాన్ని వేరుచేయడం, ధరించినదాన్ని తొలగించడం, మొత్తం నుంచి కొంత తగ్గించడం, పని రోజుల నుంచి కొన్నిటిని సెలవుగా మినహాయించుకోవడం, నడుస్తున్న బస్సునో ప్రదర్శనలో ఉన్న నాటకాన్నో ఉపసంహరించడం, ఒకరి ధోరణిని అనుకరించి నవ్వించడం. అకర్మక వర్గంలోకి విమానమో పక్షో నేలను విడిచి లేవడం, మనిషి హఠాత్తుగా అక్కడినుంచి వెళ్ళిపోవడం, ఒక వ్యాపారమో ఆలోచనో ఒక్కసారిగా జోరందుకోవడం చేరతాయి.

వీటికి తోడు ఇప్పుడు పాతబడిన అర్థం మరొకటి ఉంది: ప్రాణం తీయడం. షేక్‌స్పియర్ 'మాక్బెత్' మొదటి అంకం ఏడవ రంగంలో డంకన్ హత్యను సూచించడానికి ఈ పదబంధ క్రియ నామరూపమే వాడారు. ఆధునికార్థాలు మాత్రమే తెలిసిన అనువాదకుడు అక్కడ తడబడే ప్రమాదముంది. తెలుగులో వ్యాధి మనిషిని 'ఎత్తుకుపోయింది' అనీ, 'పొట్టనబెట్టుకుంది' అనీ అంటాం. మొదటి ప్రయోగంలో ఉన్నది ఈ వియోగభావమే.

రెండు వర్గాలకూ వంతెన ఏది? ఇంగ్లీషులో 'తనను తాను అక్కడినుంచి తీసుకొనిపోవు' అనే ఆత్మార్థక ప్రయోగం కూడా ఉంది. వేరుచేసేవాడూ వేరయ్యేవాడూ ఒకరే అయితే అది నిష్క్రమణ అవుతుంది. ఆత్మార్థక సర్వనామం లేకుండానే 'టేక్ ఆఫ్' ఈ అర్థాన్నీ ఇస్తుంది. తెలుగులో ఈ ఆత్మార్థకతను మోసే పదం 'కొను'. తప్పు–తప్పుకొను, జారు–జారుకొను అన్న జంటలను చూస్తే, ఇంగ్లీషులో పైకి కనబడని ఆ వంతెన తెలుగులో కనబడుతుంది. ఒక అర్థం నుంచి మరొక అర్థానికి దారి ఉందని విద్యార్థికి చూపడానికి ఈ పోలిక ఒక్కటి చాలు.

4. ఒక ఇంగ్లీషు క్రియ, అనేక తెలుగు క్రియలు

నానార్థత ఇంగ్లీషుకు సంపద అనీ, దానికి సాటివచ్చే మాట తెలుగులో లేదనీ కొందరు భావిస్తారు. ధరించినవి తొలగించడమనే ఒక్క అర్థాన్ని పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. ఇంగ్లీషులో చొక్కాకూ చెప్పులకూ కళ్ళజోడుకూ ఒకే క్రియ సరిపోతుంది. తెలుగులో చొక్కా విప్పుతాం, చెప్పులు విడుస్తాం, కళ్ళజోడు తీస్తాం. 'కళ్ళజోడు విప్పాడు' అంటే తెలుగువాడు నవ్వుతాడు.

ఈ భేదం యాదృచ్ఛికం కాదు. గుండీలతోనో ముడితోనో చుట్టుతోనో ఒంటిని పట్టి ఉన్నదానికి 'విప్పు' వాడతాం. చొక్కా, పంచె, తలపాగా ఇందుకు ఉదాహరణలు. పైన నిలిచి ఉన్నదానికో తొడిగినదానికో 'తీయు' వాడతాం; టోపీ, ఉంగరం, కళ్ళజోడు అటువంటివి. వాడి వదిలివేసినది, గుమ్మం దగ్గర ఆగిపోవలసినది అయితే 'విడుచు' వస్తుంది. చెప్పులు విడిచే చోటు, విడిచిన బట్టలు అన్న ప్రయోగాల్లో ఈ భావం స్పష్టం. అంటే వస్తువు శరీరాన్ని ఎలా పట్టుకొని ఉందో, దాన్ని ఏ ఉద్దేశంతో వేరుచేస్తున్నామో తెలుగు క్రియ చెబుతుంది. వేరయిందన్న ఫలితాన్ని మాత్రమే ఇంగ్లీషు ఉపపదం చెబుతుంది.

దీనిని బట్టి ఏ భాష గొప్పదని తేల్చడం మన పని కాదు. రెండు భాషలూ ఒకే సంఘటనలో వేరువేరు అంశాలను క్రియకు అప్పగిస్తాయని గుర్తించాలి. సెలవు విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇంగ్లీషు ఉద్యోగి పని నుంచి రెండు రోజులు 'తీసుకొంటాడు'. తెలుగు ఉద్యోగి రెండు రోజులు సెలవు 'పెడతాడు'. మొదటి ప్రయోగం రోజుల నుంచి వేరుచేయడాన్ని చూస్తే, రెండవది అధికారి ముందు దరఖాస్తు ఉంచడాన్ని చూస్తుంది. పని ఒక్కటే, చూసే చోటు వేరు.

5. 'దించు': అనుకరణార్థానికి తెలుగు సాక్ష్యం

'టేక్ ఆఫ్' అర్థాల్లో మన విద్యార్థులకు అన్నింటికంటే వింతగా తోచేది అనుకరణార్థం. తొలగించడానికీ అనుకరించడానికీ ఏమి సంబంధం? జాబితా పద్ధతిలో ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు. 'ఇది జాతీయం, ఇంతే' అని సరిపెట్టవలసి వస్తుంది.

తెలుగులోని 'దించు' క్రియ ఇక్కడ అక్కరకు వస్తుంది. బరువు దించు, బస్సు నుంచి ప్రయాణికులను దించు అన్నవి దాని నేరైన అర్థాలు. పరీక్షలో పక్కవాడి జవాబు చూసి 'దించాడు' అంటాం. తండ్రి నడకను కొడుకు 'అచ్చంగా దించేశాడు' అంటాం. ఫోటో 'దించడం', ఫోటో 'దిగడం' నిత్యవ్యవహారంలో ఉన్నవే. వీటన్నింటి వెనుకా ఉన్న ఊహ ఒకటే: మనిషి మీద ఉన్న రూపాన్ని ఒక పొరలాగా వేరుచేసి మరోచోట ఉంచడం. 'టేక్ ఆఫ్' అనుకరణార్థాన్నీ ఇదే ఊహతో అర్థం చేసుకోవచ్చు. సంబంధం లేని రెండు భాషలు ఒకే దారిలో నడవడం గమనార్హం. తెలుగు విద్యార్థికి ఈ అర్థం వింత కాదని, తన నోట రోజూ ఉన్నదేనని చెప్పే అవకాశాన్ని మనం వాడుకోవడం లేదు.

అయితే పోలిక సంపూర్ణం కాదు. 'దించు'లో యథాతథత్వం ముఖ్యం, హేళన లేదు. 'వెక్కిరించు'లో హేళన ఉంది, యథాతథత్వం అవసరం లేదు. 'టేక్ ఆఫ్' ఈ రెండింటినీ కలుపుతుంది: ఉన్నదున్నట్లు దించుతూనే నవ్వించాలి. సాహిత్యవిమర్శలో ఈ రెండూ కలిసిన ప్రక్రియకు పేరడీ అనే మాటనే ఉంచుకున్నాం. జరుక్ శాస్త్రి పేరడీలను అంచనా వేసేటప్పుడు 'అనుకరణ' అంటే తక్కువ చెప్పినట్లు, 'వెక్కిరింత' అంటే ఎక్కువ చెప్పినట్లు అనిపించడానికి కారణం ఇదే. మూలకవి గొంతును దించగలిగినవాడు మాత్రమే మంచి పేరడీ రాయగలడు. పేరడీకి ఒక్క తెలుగు సమానార్థకం చాలదన్న మాట నిజమే గానీ, రెండు తెలుగు క్రియల మధ్య దానికి చోటు నిర్ణయించడం విమర్శకుడికి సాధ్యమే.

6. 'ఆఫ్' – 'వేయు', 'పోవు'

ఇంతవరకు క్రియ మొత్తాన్ని చూశాం. ఇప్పుడు ఉపపదాన్ని విడిగా చూడాలి. 'ఆఫ్' వియోగాన్ని మాత్రమే కాక సమాప్తిని కూడా సూచిస్తుంది. 'పే ఆఫ్' అంటే బాకీ తీర్చివేయడం, 'సెల్ ఆఫ్' అంటే అమ్మివేయడం, 'ఫినిష్ ఆఫ్' అంటే ముగించివేయడం. అకర్మకాల్లో 'ఫాల్ ఆఫ్' అంటే ఊడిపోవడం, 'బ్రేక్ ఆఫ్' అంటే విరిగిపోవడం, 'డై ఆఫ్' అంటే ఒకటొకటిగా చచ్చిపోవడం.

ఈ తెలుగు రూపాల్లో ఉపపదం పనిని చేస్తున్నది ఎవరు? సకర్మకాల్లో 'వేయు', అకర్మకాల్లో 'పోవు'. 'వేయు'కు విసరడం, పడవేయడం స్వతంత్రార్థాలు. 'పోవు'కు ఇక్కడినుంచి వెళ్ళడం స్వతంత్రార్థం. రెండింటిలోనూ వియోగం ఉంది. దూరంగా పోయినది ఇక మన చేతిలో లేదు కాబట్టి పని పూర్తయింది. వియోగం సమాప్తిగా మారే ఈ పరిణామం ఇంగ్లీషులో ఉపపదంలో జరిగితే, తెలుగులో సహాయక క్రియలో జరిగింది. ఇటువంటి సంయుక్త క్రియలను మన వ్యాకర్తలు పట్టించుకోలేదని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో సంయుక్త క్రియల వివరణ ఉంది. ఆ జ్ఞానం ఇంగ్లీషు బోధనలోకీ ద్విభాషా నిఘంటువుల్లోకీ చేరకపోవడమే లోపం.

'ఎత్తివేయు'ను చూడండి. ప్రాజెక్టు గేట్లు ఎత్తివేస్తారు, కర్ఫ్యూ ఎత్తివేస్తారు, నిషేధం ఎత్తివేస్తారు, ఆడని సినిమాను రెండో వారానికే ఎత్తివేస్తారు, నష్టం వస్తే దుకాణం ఎత్తివేస్తారు. గేట్ల దగ్గర కనబడే భౌతిక చలనం నిషేధం దగ్గరకు వచ్చేసరికి కేవలం రద్దుగా మారింది. 'టేక్ ఆఫ్' ఉపసంహరణార్థం పొందినదీ ఇటువంటి మార్గంలోనే. పదబంధ క్రియల నానార్థత ఇంగ్లీషుకే ప్రత్యేకమైన చిక్కు అనుకొనేవారు 'ఎత్తివేయు'కు ఉన్న ఈ ఐదు ప్రయోగాలను ఒక పరభాషీయునికి నేర్పి చూడవచ్చు.

అయితే 'ఆఫ్' ఉన్న ప్రతిచోటా 'వేయు' పెడితే సరిపోతుందని ఈ మాటకు అర్థం కాదు. 'పోవు' అనుకోకుండా జరిగిన నష్టాన్ని తరచుగా ధ్వనిస్తుంది. 'వేయు' కొన్నిచోట్ల తొందరను, నిర్లక్ష్యాన్ని ధ్వనిస్తుంది. 'రాశాడు'కూ 'రాసేశాడు'కూ మధ్య ఉన్న తేడా అటువంటిదే. ఇంగ్లీషు ఉపపదంలో ఈ ధ్వని ఎప్పుడూ ఉండదు. సామ్యాన్ని బోధనకు మెట్టుగా వాడాలి, సూత్రంగా కాదు.

7. అరువు వచ్చిన నామాలు

పదబంధ క్రియలను తెలుగు అనువదించడమే కాదు, అరువు కూడా తెచ్చుకుంది. ఆ అరువులో ఒక క్రమం ఉంది. 'విమానం టేకాఫ్ అయింది' అంటాం. 'చొక్కా టేకాఫ్ చేశాడు' అనం. పరభాషా క్రియను తెలుగు సాధారణంగా నామంగా స్వీకరించి, దానికి 'అగు', 'చేయు' చేర్చి క్రియగా మార్చుకుంటుంది. నామమయ్యేసరికి నానార్థత రాలిపోయి ఒక్క అర్థం మిగులుతుంది. మేకప్ అంటే ముఖాలంకరణ, లాకప్ అంటే పోలీసు నిర్బంధం, వాకౌట్ అంటే సభ నుంచి నిరసనగా వెళ్ళిపోవడం. 'మేక్ అప్'కు రాజీపడడం, కల్పించి చెప్పడం, లోటు పూడ్చడం అనే అర్థాలున్నాయని తెలుగు 'మేకప్' వల్ల తెలియదు.

కొన్ని మాటలు ఇక్కడికి వచ్చాక కొత్త అర్థాలు సంపాదించుకున్నాయి. 'బిల్డప్' తెలుగులో లేని గొప్ప ప్రదర్శించడమైంది. 'కటౌట్' సినిమాహాలు ముందు నిలిచే నాయకుడి నిలువెత్తు బొమ్మ అయి, అక్కడినుంచి మనిషి ఆకారానికే పేరయింది. ఇంగ్లీషు పదబంధ క్రియలను విద్యార్థి ఈ నామాల ద్వారానే మొదట ఎరుగుతాడు. అతడు ఇంగ్లీషు వాక్యంలో తడబడడానికి ఇదొక కారణం. మాట పరిచితం, అర్థం అపరిచితం.

హిందుస్థానీ నుంచి వచ్చిన 'ఉడాయించు' ఇక్కడ ప్రస్తావించదగినది. ఎగరడాన్ని తెలిపే ధాతువు నుంచి వచ్చిన ఈ మాట తెలుగులో పారిపోవడమనే అర్థంలో స్థిరపడింది. చిట్టీల డబ్బుతో ఉడాయించినవాడికీ రన్‌వే విడిచిన విమానానికీ ఇంగ్లీషులో ఒకే క్రియ ఉందని చెబితే, 'ఉడాయించు' చరిత్ర తెలిసినవారు ఆశ్చర్యపడరు.

8. 'ప్లవన దశ': ఒక పారిభాషిక పదం మీద విమర్శ

పదబంధ క్రియల అనువాదం శాస్త్రబోధనను కూడా ఎలా ప్రభావితం చేస్తుందో చెప్పడానికి అర్థశాస్త్రం నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటాను. డబ్ల్యు. డబ్ల్యు. రోస్టో 1960లో ప్రచురించిన 'ది స్టేజెస్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్' గ్రంథంలో సమాజాలు ఐదు దశల గుండా ఎదుగుతాయని ప్రతిపాదించారు. వాటిలో మూడవది, కీలకమైనది 'టేక్ ఆఫ్' దశ. జాతీయాదాయంలో ఉత్పాదక పెట్టుబడి వాటా 5 శాతం లేదా అంతకు తక్కువ స్థాయి నుంచి 10 శాతానికి మించడం ఆ దశకు ఒక లక్షణం. బ్రిటన్‌కు ఆ దశ 1783–1802 మధ్య కాలమనీ, భారతదేశానికి 1952లో మొదలైందనీ ఆయన పట్టిక సూచించింది.

తెలుగు పాఠ్యపుస్తకాలు దీన్ని 'ప్లవన దశ' అన్నాయి. ఈ మాట అజ్ఞానంతో చేసింది కాదు. సంస్కృతంలో 'ప్లు' ధాతువుకు తేలడం, ఈదడం, దుముకడం అన్నీ అర్థాలే. ప్లవంగమంటే గంతులు వేస్తూ పోయేది, అంటే కోతి లేదా కప్ప. షష్టి సంవత్సరాల్లో ప్లవ, ప్లవంగ నామాలు ప్రతి తెలుగు ఇంటికీ తెలిసినవే. మరొక విశేషమేమంటే, ఇంగ్లీషులో 'టేక్ ఆఫ్' నామం విమానాలకంటే ముందే దుముకేవాడు నేలను విడిచే చోటుకు వాడుకలో ఉంది. చరిత్రదృష్టితో చూస్తే 'ప్లవనం' మూలానికి చాలా దగ్గరి అనువాదం.

లోపం మాటలో లేదు, మాట నిలిచిన చోటులో ఉంది. ఇదే విద్యార్థి భౌతికశాస్త్రంలో 'ఉత్ప్లవన బలం' చదివాడు. అక్కడ అది నీటిలో వస్తువును పైకి నెట్టే బలం. జీవశాస్త్రంలో 'ప్లవకాలు' చదివాడు. అవి నీటిలో తేలుతూ బతికే సూక్ష్మజీవులు. రెండు చోట్లా తేలడమే అర్థం. అర్థశాస్త్రానికి వచ్చేసరికి అతడికి ఆర్థికవ్యవస్థ తేలుతున్నట్లు తోచవచ్చు, అసలు ఏమీ తోచకపోవచ్చు. రన్‌వే మీద వేగం పుంజుకొని, ఒక బిందువు దాటాక సొంత బలంతో లేచే విమానం అతడి ఊహలోకి రాదు. ఇంగ్లీషులో చదివేవాడికి పాఠ్యపుస్తకంలోని మాటా విమానాశ్రయంలోని మాటా ఒకటే. తెలుగులో చదివేవాడికి విమానాశ్రయంలో 'టేకాఫ్', పాఠ్యపుస్తకంలో 'ప్లవనం'. రెండూ ఒక్కటేనని చెప్పేవారు లేరు.

దీనివల్ల నష్టపోయేది అవగాహన మాత్రమే కాదు, ప్రశ్నించే శక్తి కూడా. రోస్టో సిద్ధాంతబలమూ బలహీనతా రెండూ ఆ రూపకంలోనే ఉన్నాయి. విమానం అన్నాక దానికి రన్‌వే ఒకటే దారి. ఒకసారి లేచాక పైకి పోవడమే దాని పని. అన్ని దేశాలూ ఒకే దారిలో, ఒకే వరుసలో ఎదుగుతాయన్న భావం ఆ మాటలోనే కుదురుకొని ఉంది. లేవడానికి ఒక నిర్దిష్ట క్షణం ఉంటుందన్న భావమూ అంతే. సైమన్ కుజ్‌నెట్స్ వంటి ఆర్థికవేత్తలు ఈ దశను చారిత్రక గణాంకాలతో పోల్చి, అంత స్పష్టమైన మలుపు కనబడడం లేదని విమర్శించారు. ఆ విమర్శ అర్థం కావాలంటే ముందు రూపకం కనబడాలి. 'ప్లవన దశ' అన్నప్పుడు విద్యార్థికి అది ఒక రూపకమని తెలియదు, శాస్త్రసత్యమని తోస్తుంది. రూపకమని తెలిసినదాన్ని ప్రశ్నించవచ్చు. నిర్వచనంగా కంఠస్థం చేసినదాన్ని తిరిగి అప్పగించడమే మిగులుతుంది.

పత్రికల తెలుగు ఇదే భావానికి 'ఊపందుకొను' అనే అందమైన మాట వాడుతున్నది. అమ్మకాలు ఊపందుకున్నాయి, పనులు ఊపందుకున్నాయి అని రోజూ చదువుతున్నాం. 'ప్లవన దశ' బదులు 'ఊపందుకొనే దశ' అనవచ్చునా? సులభత కోసం అనవచ్చు. కాని అది మరొక రూపకమని గుర్తుంచుకోవాలి. ఊపులో ఉయ్యాల ఉంది. ఉయ్యాల పైకి పోయినంత వేగంగానూ వెనక్కు వస్తుంది. ఎవరో ఒకరు ఊపుతూ ఉండాలి. రోస్టో చెప్పదలచినది స్వయంపోషక వృద్ధి, ఉయ్యాల స్వయంపోషకం కాదు. ఎదుగుదలలోని ఒడుదొడుకులను చూసినవారికి ఉయ్యాల రూపకమే నిజానికి దగ్గరగా ఉన్నట్లు అనిపించవచ్చు. అయితే అది రోస్టోకు అనువాదం కాదు, ఆయనకు జవాబు. అనువాదకుడు జవాబును అనువాదం పేరుతో చేర్చకూడదు.

9. సూచనలు

ఈ పరిశీలన నుంచి మూడు సూచనలు చేయవచ్చు. మొదటిది నిఘంటువులకు. 1989లో వెలువడిన కాలిన్స్ కోబిల్డ్ పదబంధ క్రియల నిఘంటువు ఉపపదాల అర్థాలను విడిగా వివరించే అనుబంధాన్ని చేర్చింది. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుల్లోనూ ఆఫ్, అప్, అవుట్ వంటి ఉపపదాలకు ప్రత్యేక ఆరోపాలు ఏర్పరచి, వేయు, పోవు, పెట్టు, పడు, కొను అనే తెలుగు సహాయక క్రియలతో పోల్చి చూపాలి. అర్థాలను ఇచ్చే క్రమం భౌతికార్థం నుంచి లాక్షణికార్థానికి సాగాలి.

రెండవది బోధనకు. పదబంధ క్రియను పరిచయం చేసేటప్పుడు 'ఏది దేనినుంచి వేరవుతున్నది, ఎవరు వేరుచేస్తున్నారు' అనే రెండు ప్రశ్నలు ముందుంచాలి. 'టేక్ ఆఫ్' అర్థాల్లో ఎక్కువభాగం ఈ రెండు ప్రశ్నలకు లొంగుతాయి. దించు, ఎత్తివేయు వంటి తెలుగు క్రియలకు ఎన్ని అర్థాలున్నాయో విద్యార్థిచేతనే సేకరింపజేస్తే, నానార్థత పట్ల ఉన్న బెరుకు పోతుంది.

మూడవది పారిభాషిక పదాలకు. ఉన్న పదాలను తొలగించమని ఈ వ్యాసం కోరడం లేదు. 'ప్లవన దశ' స్థిరపడిన మాట, దాన్ని ఉంచవచ్చు. దాని పక్కన రెండు వాక్యాల వ్యుత్పత్తి వివరణ చేర్చి, ఇది విమానం నుంచి తీసుకొన్న రూపకమని చెబితే చాలు. రూపకం నుంచి పుట్టిన ఏ పారిభాషిక పదానికైనా ఇది వర్తిస్తుంది.

10. ముగింపు

'టేక్ ఆఫ్' అనే రెండు చిన్న మాటల కూర్పు చెప్పులు విడవడం నుంచి రాజహత్య వరకు, పేరడీ నుంచి దేశాభివృద్ధి సిద్ధాంతం వరకు విస్తరించింది. ఆ విస్తరణకు ఆధారం వియోగమనే ఒక్క చలనం. తెలుగు ఆ చలనాన్ని విప్పు, విడుచు, తీయు, దించు, ఎత్తివేయు, ఉడాయించు, ఊపందుకొను అనే వేరువేరు క్రియలకు పంచింది. ఈ పంపకం లోపం కాదు, మన భాష చూపు. ఆ చూపును పక్కనపెట్టి ఇంగ్లీషు అర్థాలను జాబితాలుగా, శాస్త్రపదాలను మూసిన పెట్టెలుగా అందిస్తున్నంతకాలం తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థికి ఇంగ్లీషు వాక్యమూ తెలుగు పాఠమూ రెండూ దూరంగానే ఉంటాయి. ఈ రెండింటినీ దగ్గర చేసే పని ఇంగ్లీషు శాఖ ఒక్కదానిదే కాదు. సంయుక్త క్రియల స్వభావం ఎరిగిన తెలుగు శాఖలు ఇందులో ముందుండాలి. పెట్టు, పడు, కొను అనే క్రియలను అప్, అవుట్, ఇన్ అనే ఉపపదాలతో ఇదేవిధంగా పోల్చి చూసే పరిశోధనకు విస్తారమైన అవకాశం ఉంది.